పెదవేగి గ్రామ చరిత్రము

చరిత్ర పాఠమనగానే విద్యార్థుల మనస్సు పాటలీపుత్రమునకును, ఢిల్లీకిని, లండనునకును పరుగెత్తుచుండును. ఆ పట్టణముల రాజుల పేరులును, యుద్ధముల సంవత్సరములును వల్లించుట మనకు వాడుకయైనది. కాని "నీవు పుట్టిన యూరి చరిత్ర యెట్టిది?" అని యడిగినచో, "మాది చిన్న పల్లె. దానికి చరిత్ర యేమి యుండును?" అని తఱుచుగా బదులు వచ్చును. ఈ బదులు సరియైనదగునో కాదో తెలిసికొనుటకు మనకు సమీపముననే యున్న యొక గ్రామమును తీసికొని పరీక్షింతము. ఆ గ్రామము పెదవేగి.

తాడేపల్లిగూడెమున ఏలూరు వైపు పోవు ప్యాసింజరు బండి నెక్కినవారు కైకరము, పూళ్ల, భీమడోలు స్టేషనులు దాటి దెందులూరు చేరుదురు. ఆ తరువాత ఏలూరు వచ్చును. ఏలూరునుండి ఉత్తరముగా సుమారు 12 కిలోమీటర్లు పోయినచో పెదవేగి కనబడును. అచ్చటికి పోవునప్పటికి కాలువలును, వరిచేలును వెనుకబడి, మెట్టభూములు మొదలగును. ప్రక్కనే చినవేగి యను మఱియొక గ్రామము కలదు. ఇండ్లు, చెట్లు, తోటలు, బడి, గుడి, అంగళ్లు: చూచినవానికి ఇతర గ్రామములకును దీనికిని భేదమేమియు తోచదు. అయినను, ఒకప్పుడు ఆంధ్రదేశములో పెద్దభాగమునకు ఈ యూరి పేరే దేశనామమై యుండెననిన నమ్మగలరా?

పేరు చెప్పు కథ

గ్రామచరిత్రను వెదకువాడు మొట్టమొదట దాని పేరును పట్టుకొనవలెను. రాళ్లు పోవును, గోడలు కూలును. పేరు మాత్రము నోటినుండి నోటికి ప్రాకుచు నిలిచియుండును. పూర్వపు శాసనములలో ఈ యూరి పేరు వేంగీపురము. నిండుసున్న అరసున్నయై వేంగి యనునది "వేఁగి" యైనది. అరసున్నయు లోపింపగా "వేగి" మిగిలినది. తరువాత రెండు గ్రామములను వేఱుగా గుర్తించుటకై పెద, చిన యను విశేషణములు చేరినవి.

ఈ పేరు ఊరి పొలిమేర దాటి దూరముగా వ్యాపించినది. చుట్టునున్న సీమ వేగినాడు, వేంగీదేశము, వేంగీమండలము అను పేరులతో ప్రసిద్ధిచెందెను. బ్రాహ్మణులలో వేగినాటివారను శాఖ యున్నదిగదా! వారిలో పెదవేగిని కన్నులారా చూచినవారు కొలదిమందియే యైనను, ఆ పేరు వారిని విడువలేదు. పందొమ్మిదవ శతాబ్దమున దక్షిణదేశపు ప్రాచీన లిపులను పరిశోధించిన బర్నెల్ పండితుడు ఈ సీమ శాసనములలోని అక్షరములకు వేంగి లిపియని పేరిడెను. నేడు మనము వ్రాయు తెలుగు అక్షరములకు పూర్వరూపములు ఆ లిపియందు కనబడును. కాబట్టి ప్రతిదినము పలకమీద అక్షరములు దిద్దు బాలుడు సైతము ఎఱుగకయే యీ గ్రామమునకు ఋణపడియున్నాడు.

నగరమునుండి గ్రామమునకు ఒక యాజ్ఞ

ఈ యూరి పూర్వవృత్తాంతము మనకు ముఖ్యముగా రాగిరేకులవలన తెలియుచున్నది. పూర్వము రాజులు భూమిని దానము చేసినప్పుడు, ఆ దానమును రాగిరేకులమీద చెక్కించి, రేకులకు రంధ్రముచేసి, కడియముతో గ్రుచ్చి, దానిమీద రాజముద్ర వేయించి, దానము పుచ్చుకొన్నవాని కిచ్చుచుండిరి. వీనినే తామ్రశాసనములందురు. మన కాలపు రిజిస్టరు దస్తావేజువంటివి.

అట్టి శాసనములలో ఒకటి ఏలూరు శాసనమని ప్రసిద్ధమైనది. అది సుమారు క్రీ. శ. నాలుగవ శతాబ్దమునకు చెందినది, ప్రాకృతభాషలో నున్నది. దానిని వేయించినవాడు శాలంకాయన వంశపు విజయదేవవర్మ మహారాజు. ఆయన అశ్వమేధము చేసిన రాజు. తాను చిత్రరథస్వామి పాదభక్తుడనని అందులో చెప్పుకొనెను. చిత్రరథస్వామి యనగా సూర్యుడని పండితుల యభిప్రాయము. ఆ వంశమువారి ముద్రయందు వృషభముండెను.

శాసనములోని విషయమును గమనింపుడు. రాజు విజయ వేంగీపురమునుండి ఆజ్ఞ పంపుచున్నాడు. ఎవరికి? ఏలూరను గ్రామమునందలి ముటుడుడు మొదలగు గ్రామస్థులకు. ముటుడుడనగా గ్రామమునకు పెద్దయై యుండిన యధికారి. ఆజ్ఞయేమనగా: గణశర్మ యను బ్రాహ్మణునకు 20 నివర్తనముల భూమిని ఇచ్చితిమి; సగము పంటకు సేద్యము చేయు మనుష్యులకును, ద్వారము కాచువారికిని ఇండ్లస్థలములను గూడ ఇచ్చితిమి, అని.

ఈ చిన్న రాగిరేకులవలన రెండు సంగతులు తెలియుచున్నవి. మొదటిది: మనము చరిత్ర యనగా రాజుల కథయే యనుకొందుము. ఇచ్చట రాజుతోపాటు గ్రామాధికారియు, పాలికి దున్ను రైతును, వాకిటి కావలివాడును కనబడుచున్నారు. వారి పేరులు మనకు చేరలేదు. వారి పనియు, వారికి తలదాచుకొను స్థలమిచ్చిన మాటయు చేరినవి. పదియాఱు వందల యేండ్లనాడే మన సీమలో సగపాలు సేద్యముండెనని దీనివలన తెలియుచున్నది.

రెండవది మఱింత విచిత్రమైనది. ఆ దినములలో వేంగి నగరము, ఏలూరు గ్రామము. ఆజ్ఞ వేంగినుండి బయలుదేఱి ఏలూరునకు పోయెను. నేడు ఏలూరు జిల్లాకు ముఖ్యపట్టణము; పెదవేగి దాని క్రిందనున్న మండల గ్రామము. నేటి యాజ్ఞలు ఏలూరునుండి బయలుదేఱి పెదవేగికి పోవుచున్నవి. కాలము ఈ రెండూళ్లను త్రాసుతట్టలవలె తారుమారు చేసినది.

ఒకరినొకరు ఎఱుగని సాక్షులు

ఒక్క సాక్షి చెప్పిన మాటను న్యాయాధిపతి వెంటనే నమ్మడు. చరిత్రకారుడును అట్లే. వేంగిని గుఱించి వేఱువేఱు దిక్కుల సాక్షులున్నారు.

పెదవేగియందే దొరకిన రెండవ నందివర్మ తామ్రశాసనము ఆ రాజు వంశక్రమమును చెప్పుచున్నది. హస్తివర్మ, అతని కుమారుడు మొదటి నందివర్మ, అతని కుమారుడు చండవర్మ, అతని కుమారుడు రెండవ నందివర్మ. ఇది ఇంటి సాక్ష్యము. ఇక ఎన్నో వందల మైళ్ల దూరమున, గంగా యమునా సంగమమున నున్న అలహాబాదు స్తంభమును చూడుడు. దానిమీద సముద్రగుప్త చక్రవర్తి విజయములను హరిషేణుడను కవి వర్ణించియున్నాడు. చక్రవర్తి దక్షిణాపథమున పట్టి విడిచిపెట్టిన పండ్రెండుగురు రాజులలో వేంగి హస్తివర్మ యొకడు. ఆ స్తంభమును చెక్కినవాడు పెదవేగి రేకులను చూడలేదు; రేకులను చెక్కినవాడు స్తంభమును చూచియుండడు. ఇద్దఱును ఒకే పేరు చెప్పుచున్నారు. ఇట్టి సమ్మతివలననే చరిత్ర స్థిరపడును.

మూడవ సాక్షి సముద్రములకు ఆవలివాడు. క్రీ. శ. రెండవ శతాబ్దమున టాలమీ యను గ్రీకు భూగోళశాస్త్రజ్ఞుడు సలకెనోయి యను జాతిని, వారి బెనగౌరమను పట్టణమును పేర్కొనెను. ఆ జాతివారు శాలంకాయనులనియు, ఆ పట్టణము వేంగియనియు పలువురు పండితులు తలంచిరి.

నాలుగవ సాక్షి చీనాదేశపు బౌద్ధ యాత్రికుడు హ్యూయన్ త్సాంగు. ఆయన క్రీ. శ. 639 ప్రాంతమున ఆంధ్రదేశమునకు వచ్చెను. రాజధానికి ఆయన వ్రాసిన చీనా పేరును వేంగిగా పండితులు గుర్తించిరి. పట్టణము చుట్టుకొలత 20 లీలని ఆయన చెప్పెను. మైలునకు మూడు లీలని స్థూలముగ లెక్కించినచో అది ఆఱేడు మైళ్లగును. భూమి సారవంతమనియు, ధాన్యము సమృద్ధిగా పండుననియు, ఎండ యెక్కువయనియు వ్రాసెను. ఇరువది బౌద్ధ విహారములు, వానిలో మూడువేలమంది భిక్షువులు, ముప్పది దేవాలయములు ఉండెనట. ఇచ్చటి భాష మధ్యదేశపు భాషకంటె భిన్నమైనదనియు, అక్షరముల రూపము మాత్రము ఇంచుమించుగా సమానమనియు ఆయన గ్రహించెను. మన భాష పరదేశి చెవిని పడినప్పుడు అది వేఱని తోచుట, దానిని ఆయన వ్రాసియుంచుట, తెలుగు విద్యార్థులు సంతోషింపదగిన సంగతి.

చాళుక్యుల వేంగి

శాలంకాయనుల తరువాత విష్ణుకుండినులు ఈ సీమ నేలిరి. వారిలో విక్రమేంద్రవర్మ వేయించిన చిక్కుళ్ల శాసనము లెందులూరునుండి బయలుదేఱినది. ఆ లెందులూరే మన రైలుస్టేషను గల దెందులూరు. కావున ప్యాసింజరు బండి రెండు నిమిషములు నిలుచు ఆ చిన్న స్టేషను ప్రక్కన ఒకప్పుడు రాజుల విడిది యుండెనని తెలిసికొనుడు.

ఏడవ శతాబ్దమున పడమటినుండి బాదామి చాళుక్యుడైన రెండవ పులకేశి దండెత్తి వచ్చెను. క్రీ. శ. 634వ సంవత్సరపు ఐహోళె శాసనమున రవికీర్తి యను కవి ఆ దండయాత్రను వర్ణించెను. పిఠాపురపు దుర్గము వశమగుటయు, కునాళ మను జలాశయపు నీరు హతులైన వారి రక్తముతో ఎఱ్ఱబాఱుటయు అందున్నవి. ఆ కునాళము మన కొల్లేరేయని కీల్‌హారన్ పండితుడు గుర్తించెను. నేడు పక్షులును, పడవలును, చేపల వలలును కనబడు ఆ నీటియందు అట్టి ఘోరము జరిగెను.

పులకేశి తన తమ్ముడైన కుబ్జవిష్ణువర్ధనుని ఇచ్చట ప్రతినిధిగా నిలిపెను. ఆయన క్రీ. శ. 624 ప్రాంతమున స్థాపించిన వంశమే తూర్పు చాళుక్యవంశము. వారు నాలుగు శతాబ్దములకు మించి రాజ్యము చేసిరి. వారి ముద్ర వరాహము. దానితో శ్రీ త్రిభువనాంకుశ యను బిరుదు. పడమటి రాష్ట్రకూటులతో వారికి ఎడతెగని పోరాటములుండెను. ఆ వంశమున రెండవ విజయాదిత్యుడు పండ్రెండేండ్లలో 108 యుద్ధములు చేసి, అన్ని శివాలయములను కట్టించెనని తరువాతి శాసనములు చెప్పుచున్నవి. ఇంత కాలమును దేశమునకు పేరు వేంగియే. ఏలినవారు మాఱిరి, ముద్రలు మాఱినవి. వృషభము పోయి వరాహము వచ్చినది. ఊరి పేరు మాత్రము దేశనామమై నిలిచినది.

రాజరాజనరేంద్రుని కాలమునకు (1022–1061) రాజధాని గోదావరి గట్టున రాజమహేంద్రవరమై యుండెను. అచ్చటనే నన్నయభట్టు మహాభారతమును తెనిగింప నారంభించెను. రాజు పెదవేగిలో లేకున్నను, నన్నయ రాజమహేంద్రవరమును వేంగీదేశపు నగరముగనే వర్ణించెను. రాజరాజనరేంద్రుని కుమారుడు 1070లో కులోత్తుంగచోళుడను పేర చోళ సింహాసనమెక్కెను. అప్పటికి పెదవేగి రాజులను పోగొట్టుకొనినది, పేరును పోగొట్టుకొనలేదు.

నగరము గ్రామమగుట

రాజు వెడలిపోయిన పట్టణము ఒక్కదినమున కూలదు. మొదట సభ పోవును. తరువాత వర్తకులు పోవుదురు. ఆ పిమ్మట శిల్పులు, నేతగాండ్రు, వేతనముమీద బ్రతుకువారు పోవుదురు. భూమిని నమ్ముకొన్న రైతుమాత్రము నిలుచును. అట్లు నిలిచినవారి యూరే నేటి పెదవేగి.

ఊరు విడిచినవి మనుష్యులేగాదు, రాళ్లును విడిచినవి. ఏలూరున కోట కట్టించినప్పుడు వేంగీ శిథిలములనుండి రాళ్లు కొనిపోయిరని పూర్వులు వ్రాసియున్నారు. పందొమ్మిదవ శతాబ్దమున ఏలూరునకు మఱియొక భాగ్యము కలిగెను. ధవళేశ్వరపు ఆనకట్ట 1852లోను, బెజవాడ ఆనకట్ట 1855లోను పూర్తియైనవి. గోదావరి కాలువయు, కృష్ణ కాలువయు ఏలూరున కలిసికొనెను. పడవలు, సరకులు, తరువాత రైలు అచ్చటికి వచ్చెను. 1866లో ఏలూరు మునిసిపాలిటీ యయ్యెను. 1925లో పశ్చిమగోదావరి జిల్లాకు ముఖ్యపట్టణమయ్యెను. 2005లో నగరపాలక సంస్థ యయ్యెను. 2022 ఏప్రిలులో ఏలూరు పేరనే జిల్లా ఏర్పడెను. పెదవేగి మెట్టమీద నుండిపోయెను. కాలువ నీరు పల్లమునకు పాఱునట్లు, సంపదయు పల్లమునకు పాఱెను.

అయినను పెదవేగి కృశించి నశింపలేదు. నేడు ఆ పొలములందు ఆయిల్ పామ్ తోటలు పెరుగుచున్నవి. భారత వ్యవసాయ పరిశోధనా మండలివారు ఆ పంటను శోధించుటకై 1995లో పెదవేగియందే ఒక సంస్థను స్థాపించిరి. దేశమందలి ఆయిల్ పామ్ రైతులు ఈ గ్రామనామమును మరల పలుకుచున్నారు. వేంగి రాజుల పేరెఱుగని దూరదేశపు రైతు, పెదవేగి పేరు నెఱుగును.

మిగిలినదేమి? మన పని యేమి?

పెదవేగి, దెందులూరు పరిసరములలో పెద్ద దిబ్బలు కలవు. దెందులూరునందలి భీమలింగదిబ్బను ప్రభుత్వమువారు రక్షిత స్థలముగా నేర్పఱచిరి. పెదవేగి దిబ్బను పురావస్తు శాఖవారు ఇరువదవ శతాబ్దపు కడపటి భాగమున త్రవ్వించి, ప్రాచీనమైన ఇటుక కట్టడముల పునాదులను బయల్పఱచిరి.

ఈ దిబ్బలను గూర్చి యొక సంగతి ప్రత్యేకముగా జ్ఞాపకముంచుకొనదగినది. ఏలూరు శాసనమును ప్రకటించిన హుల్ట్జ్ పండితుడు, పెదవేగి సమీపమందలి యొక దిబ్బను గ్రామస్థులు చిత్రరథస్వామి గుడి యుండిన చోటుగా చూపుదురని ఇరువదవ శతాబ్దారంభమున వ్రాసెను. గుడి లేదు, విగ్రహము లేదు, పూజ లేదు. శాలంకాయనులు పోయి పదునాలుగు వందల యేండ్లకు పైగా గడచినను, ఒక దిబ్బను చూపి ఆ పేరు చెప్పగలవారు ఊరిలో నుండిరి. రాగిరేకు భూమిలో దాగి చెప్పిన మాటను పల్లెటూరివారి జ్ఞాపకము భూమిపైననే నిలిపియుంచినది.

కాని జ్ఞాపకము దీపమువంటిది. చమురు పోయువారు లేనిచో ఆఱిపోవును. దిబ్బమట్టి సారవంతమని పొలములకు తోలుదురు. పాత యిటుకలు గట్టివని గోడలకు వాడుదురు. నాగటిచాలులో రాగిరేకు దొరకినచో పాత్రలవారికి తూకమునకు అమ్మివేయుదురు. కరగిపోయిన రేకుతో ఎన్ని గ్రామముల పేరులు, ఎందఱు రైతుల వృత్తాంతములు పోయినవో ఎవరు చెప్పగలరు? ఏలూరు రేకులు కరగిపోయియుండినచో, నాలుగవ శతాబ్దపు ఏలూరు గ్రామమును, దాని ముటుడుని, సగపాలు దున్నినవారిని మన మెఱిగియుండెడివారము కాము.

కాబట్టి విద్యార్థులారా, ఈ పాఠమును చదివి మూసివేయుటతో తృప్తిచెందవలదు. సెలవులలో మీ గ్రామములకు పోయినప్పుడు ఈ క్రింది పనులు చేయుడు.

1. మీ యూరి పేరును, దాని పొలముల పేరులను, దిబ్బల పేరులను, చెఱువుల పేరులను వృద్ధుల నడిగి వ్రాసికొనుడు. పొలము పేరున ఒక పోయిన పల్లె దాగియుండవచ్చును.

2. గుడి స్తంభముమీదగాని, చెఱువుగట్టు రాతిమీదగాని అక్షరములున్నచో, వానికి సున్నము పూయకుండ పెద్దలను వేడుకొని, ఉపాధ్యాయునకు తెలుపుడు.

3. భూమిలో రాగిరేకులుగాని, నాణెములుగాని, విగ్రహములుగాని దొరకినచో దాచుటయు, అమ్ముటయు, కరగించుటయు కూడదు. పది రూపాయలకు మించిన విలువగల నిక్షేపము దొరకినచో కలెక్టరుకు తెలుపవలెనని 1878వ సంవత్సరపు చట్టము విధించినది. రేకుయొక్క విలువ దాని తూకములో లేదు. దానిమీది వ్రాతలో నున్నది.

4. వీలైనచో పెదవేగికి పోయి, దిబ్బమీద కొంతసేపు నిలిచి చూడుడు. కోట గోపురములకై వెదకి నిరాశ చెందవలదు. కాలిక్రింది యిటుకముక్కను చూచి, దానిని చేసిన చేతులను తలంపుడు. తీసికొనిపోవక అచ్చటనే యుంచి రండు.

మొదట వేసికొన్న ప్రశ్నకు ఇప్పుడు బదులు చెప్పవచ్చును. నాలుగవ శతాబ్దమున ఏలూరు బాలు డెవడైనను "మాది చిన్న పల్లె; దానికి చరిత్ర యేమి?" అని యనియుండవచ్చును. వాని పల్లె పట్టణమైనది. ఆజ్ఞ పంపిన నగరము పల్లెయైనది. ఏ పల్లెకు ముందు ఏమి రానున్నదో, ఏ పల్లె క్రింద ఏమి దాగియున్నదో చూపుమేరకు తెలియదు. అందుచేత చిన్నదని యే యూరిని త్రోసివేయరాదు. అందులోను తాను పుట్టిన యూరిని ఎన్నడును త్రోసివేయరాదు.